ఉంగరాల జుట్టు, ఉప్పు నీళ్ళు: కుంకుడా, సీకాయా, షాంపూనా?

మా అవ్వ నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట. "ఏం మే, నీ తల పిచ్చుక గూడు మాదిరి ఉండాది, రవ్వంత నూనె పెట్టుకోగూడదా?" పెట్టుకునే వచ్చానన్నా నమ్మేది కాదు. నాది ఉంగరాల జుట్టు. కర్నూలు హాస్టల్లో ఉన్న మూడేళ్ళూ అది చెప్పిన మాట విన్నది. అనంతపురం తిరిగొచ్చి, బోరు నీళ్ళు తప్ప వేరే దిక్కు లేని అద్దె ఇంట్లో దిగాక నెల తిరక్కముందే చీపురు కట్టలా తయారైంది. షాంపూ మార్చాను. నూనె మార్చాను. అమ్మ చెప్పిందని కుంకుడుకు మారాను, పక్కింటి అక్క చెప్పిందని సీకాయకు మారాను. కర్నూల్లోని తుంగభద్ర నీళ్ళు పోయి బోరు నీళ్ళు వచ్చాయన్న సంగతి తట్టడానికి ఏడాది పట్టింది.

కాబట్టి కొట్టుకు వెళ్ళి ఏది కొనాలా అని చూసే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇది ముఖ్యంగా ఉంగరాల జుట్టు, అలల జుట్టు ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. నిటారు జుట్టు వాళ్ళకు సగం పనికొస్తుంది, మిగతా సగం అక్కర్లేదు. వాళ్ళు అదృష్టవంతులు.

ముందు మీ బకెట్టు

కుళాయి మొదట్లో తెల్లగా పేరుకుందా? గీజర్ ఉంటే రెండేళ్ళకే కాయిల్ మీద సున్నం కట్టిందా? అయితే మీవి మనం ఉప్పు నీళ్ళనే రకం. నాలుక మీద ఉప్పగా తగలకపోయినా కావచ్చు, ఎందుకంటే జుట్టును పీడించేది ఉప్పు కాదు, నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. బళ్ళో కఠిన జలం అని చదువుకున్నది ఇదే. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. ఎంత ఉందో కచ్చితంగా కావాలంటే పరీక్ష చేయించాలి. జుట్టు సంగతి తేల్చుకోవడానికి అంత అక్కర్లేదు, ఇది చాలు.

అర లీటరు ఖాళీ సీసాలో సగం దాకా నీళ్ళు పోయండి. ఒంటి సబ్బును గోటితో గీరి శనగ గింజంత అందులో వేసి, మూత బిగించి, పది లెక్కపెట్టేదాకా ఊపండి. మంచి నీళ్ళయితే నురగ సీసా మెడ దాకా వస్తుంది, కింద నీళ్ళు దాదాపు తేటగా ఉంటాయి. బోరు నీళ్ళయితే నురగ బొటాబొటిగా వచ్చి పడిపోతుంది, నీళ్ళు పలుచటి మజ్జిగలా తెల్లబడతాయి, కాసేపుంటే పైన విరిగిన పాల మాదిరి తెట్టు కడుతుంది. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళతో ఒక సీసా, బోరు నీళ్ళతో ఇంకో సీసా పక్కపక్కన పెట్టి చూడండి. మా ఇంట్లో ఈ రెండు సీసాలూ చూశాకే మా ఆయన తలకు ఒంటి సబ్బు రుద్దుకోవడం మానేశాడు.

నీళ్ళ రకం ఒకటి, నీళ్ళ కొలత ఇంకొకటి. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టే. ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో తలస్నానానికి మూడు బకెట్లు అనేది చిన్న విషయం కాదు. ఏ పద్ధతికి ఎన్ని బకెట్లు అన్నది ధర కన్నా ముందు చూసుకోవాల్సిన లెక్క. మార్కెట్లో దొరికే సలహాల్లో మాత్రం ఇది ఎక్కడా కనపడదు.

మూడోది తల చర్మం. జిడ్డుగా ఉంటుందా, పొడిగా ఉంటుందా, చుండ్రు ఉందా? నాలుగోది కొసలు. తలలో ఊరే నూనె నిటారు వెంట్రుక మీదైతే కిందికి జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద అది అంత దూరం దిగలేదు. అందుకే మనకు కుదుళ్ళ దగ్గర జిడ్డు, కొసల దగ్గర పీచు. ఒకే తల మీద రెండు రకాల జుట్టు ఉన్నట్టు లెక్క. కుదుళ్ళకు పనికొచ్చేది కొసలకు పనికిరాదు. రుద్దేది కుదుళ్ళకు, మెత్తబరిచేది కొసలకు అని విడదీసుకుంటే సగం తికమక పోతుంది.

ఇక టైము. ఉదయం ఏడున్నరకు బస్సు ఎక్కాల్సిన మనిషికి కుంకుడుకాయలు నానబెట్టుకోమని చెప్పడం ఎంత సులభమో చేయడం అంత కష్టం.

కుంకుడు

మన ఇళ్ళలో దీనికున్న పరువు ఇంక దేనికీ లేదు. కొంత వరకు న్యాయమే. కుంకుడులో నురగనిచ్చేవి సపోనిన్లు. సబ్బు మాదిరి ఇవి కాల్షియంతో కలిసి తెట్టు కట్టవు. కాబట్టి బోరు నీళ్ళలో ఒంటి సబ్బుకూ కుంకుడుకూ పోలికే లేదు. పైగా దీని రసం కాస్త పులుపు గుణం ఉన్నది, సబ్బుది క్షార గుణం. వెంట్రుక పై పొర పులుపు వైపు ఉంటే అణిగి ఉంటుంది, క్షారం తగిలితే లేచి గరుకవుతుంది.

అయితే కుంకుడు మెత్తటిదనేది మాత్రం భ్రమ. బాగా జిడ్డు లాగుతుంది. కుంకుడుతో తలంటుకున్నాక జుట్టు వేళ్ళ మధ్య కిర్రుమనాలి, అప్పుడే శుభ్రమైనట్టు అని మా అమ్మ లెక్క. నూనె ముద్దగా పట్టించుకున్న నిటారు జుట్టుకు ఆ లెక్క సరిపోతుంది. ఉంగరాల జుట్టు కిర్రుమంటే కొసలు ఉన్న కాస్త నూనె కూడా పోగొట్టుకున్నాయని అర్థం. ఆ తర్వాత గంటసేపు చిక్కులు తీసుకోవాల్సిందే.

వాడాలనుకుంటే ఇలా వాడండి. పది పన్నెండు కాయలు కొట్టి, నల్ల గింజలు తీసేసి, పైతొక్కలను రాత్రే వేడి నీళ్ళలో వేయండి. పొద్దున పిసికి, పాత పంచె గుడ్డలో వడగట్టండి. జల్లెడలో కాదు, గుడ్డలోనే. జల్లెడ వదిలేసిన పిప్పి ఉంగరాల్లో చిక్కుకుంటే సాయంత్రం దాకా రాలుతూనే ఉంటుంది. రసాన్ని కుదుళ్ళ మీదే పోసుకోండి, కారిపోయేది కొసలకు చాలు. కళ్ళు గట్టిగా మూసుకోండి, కంట్లో పడితే మంట ఎలా ఉంటుందో చిన్నప్పుడు ఆదివారాల్లో ఏడ్చినవాళ్ళందరికీ తెలుసు. మిగిలిన రసం బయట ఉంటే రెండో రోజుకే పులిసి వాసనొస్తుంది, ఫ్రిజ్‌లో అయితే నాలుగైదు రోజులు ఆగుతుంది.

నూనె తలకు కుంకుడుతో రెండు బకెట్లకు తక్కువ కాదు. తరచుగా మూడు.

సీకాయ

సీమలో పాతవాళ్ళకు కుంకుడు కన్నా సీకాయ మీదే మనసు ఎక్కువ. దీనిలోనూ సపోనిన్లే, కానీ నురగ తక్కువ, జిడ్డు లాగే జోరు కూడా తక్కువ. పొడి జుట్టుకు కుంకుడు కన్నా ఇది నయం. ఇంట్లో చేసుకునేవాళ్ళు సీకాయతో పాటు మెంతులు, పెసలు, ఎండిన నిమ్మ తొక్కలు, మందారాకు కలిపి ఆడిస్తారు. ఆడించడమే పెద్ద పని. సీకాయ అనగానే పిండి మిషన్ అతను "సాయంత్రం రాండి మేడం, జనం పోయినాక" అంటాడు. తప్పు అతనిది కాదు. ఆ పొడి గాల్లోకి లేచిందంటే మిషన్ దగ్గరున్న నలుగురూ ఆపకుండా తుమ్ముతారు, తర్వాత వచ్చినవాళ్ళ జొన్నపిండిలో ఆ వాసన తగులుతుంది.

ఉంగరాల జుట్టుకు సీకాయతో ఒకటే చిక్కు, ఆడించిన పొడి. ఎంత మెత్తగా ఆడించినా బరక ఉంటుంది. ముద్దలా కలిపి రుద్దితే ఆ బరక వెంట్రుకల మధ్య ఇరుక్కుని రాపిడి పెడుతుంది, కడగడానికి ఇంకో బకెట్టు అవుతుంది. నేను రెండు చెంచాల పొడిని గ్లాసు నీళ్ళలో మరిగించి, వడగట్టి, ఆ కషాయమే వాడతాను. కాయలే దొరికితే పొడి జోలికి పోకుండా కాయలనే నానబెట్టి ఉడికించుకోవడం ఇంకా సులువు. కొట్లో దొరికే సీకాయ షాంపూల్లో నురగనిచ్చేది చాలా వరకు మామూలు షాంపూలో ఉండే పదార్థమే. పేరు చూసి కాకుండా వెనక రాసిన పదార్థాల జాబితాలో సీకాయ ఎన్నో వరసలో ఉందో చూసి కొనండి.

శనగపిండి, పెసరపిండి ముఖానికి మంచివి. ఉంగరాల తలకు వద్దు, కడిగి కడిగి చేతులు నొప్పి పుడతాయి.

షాంపూ ప్యాకెట్టు

దక్షిణాదిలో పుట్టిన సంగతి ఇది. తమిళనాడు కడలూరులో చిన్ని కృష్ణన్ ప్యాకెట్టు షాంపూకు దారి వేస్తే, ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో దాన్ని పల్లె పల్లెకూ చేర్చాడు. ఇప్పటికీ మన వీధి కొట్లో దండల్లా వేలాడే ఒక రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లను చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ప్యాకెట్టు మీద ఎన్ని మిల్లీలీటర్లో చూసి, పెద్ద సీసాతో లెక్కేసి చూడండి. చాలాసార్లు ప్యాకెట్టే చవక పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి షాంపూ, తల నూనెల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధరలు గుర్తున్నవాళ్ళు మరోసారి లెక్కేసుకోండి.

షాంపూలో శుభ్రం చేసే పదార్థం బోరు నీళ్ళలోనూ పనిచేస్తుంది, సబ్బులా తెట్టు కట్టదు. దీనికి తోడు చాలా షాంపూల్లో ఈడీటీఏ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది, అది నీళ్ళలోని కాల్షియంను పట్టి ఉంచుతుంది. డైసోడియం ఈడీటీఏ అనో, టెట్రాసోడియం ఈడీటీఏ అనో వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నీళ్ళు మరీ ఉప్పువైతే నేను ముందు వెతికేది ఈ మాట కోసమే.

ఉంగరాల జుట్టుకు షాంపూతో వచ్చే తంటా అంతా మనం పోసుకునే తీరులో ఉంది. చిక్కగా అరచేతిలో పోసుకుని జుట్టంతా మూటగట్టి నలిపితే పీచవక ఏమవుతుంది? ప్యాకెట్టును అర మగ్గు నీళ్ళలో కలిపి, తల వెనక్కి వంచి, కుదుళ్ళ మీద కొంచెం కొంచెంగా పోసుకుంటూ వేలి కొనలతో రుద్దండి. కొసలను రుద్దొద్దు. కడుగుతుంటే పై నుంచి కారే నురగే వాటికి సరిపోతుంది. నడుం దాటిన జుట్టుకు కూడా ఇలా అయితే రెండు ప్యాకెట్లు చాలు.

సల్ఫేట్ (నురగ బాగా ఇచ్చి జిడ్డు గట్టిగా లాగే పదార్థం) లేని షాంపూలు ఇప్పుడు అనంతపురం, కడప మెడికల్ షాపుల్లో కూడా దొరుకుతున్నాయి. మెత్తగా ఉంటాయి, నిజమే. ఖరీదు కూడా నాలుగైదు రెట్లు. మీరు వారానికి ఒక్కసారే తలంటుకునే మనిషైతే, నూనె కూడా పెట్టుకుంటే, ఆ డబ్బు దండగ. అదే డబ్బు కండీషనర్ మీద పెట్టండి. రోజూ ఎండలో తిరిగి వారానికి మూడు సార్లు తల కడిగే వాళ్ళకైతే ఆలోచించొచ్చు.

మూడింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. ఖర్చు నేను పెట్టిందాని లెక్క, నడుం దాకా ఉన్న జుట్టుకు. మీ ఊరి కొట్టు ధరను బట్టి అటూ ఇటూ అవుతుంది.

| చూడాల్సింది | కుంకుడు రసం | సీకాయ కషాయం | షాంపూ ప్యాకెట్టు |
|---|---|---|---|
| బోరు నీళ్ళలో | పనిచేస్తుంది | పనిచేస్తుంది, నురగ ఆశించొద్దు | పనిచేస్తుంది, ఈడీటీఏ ఉంటే ఇంకా నయం |
| నీళ్ళు | 2 నుంచి 3 బకెట్లు | 2 బకెట్లు | ఒకటిన్నర బకెట్టు |
| ముద్ద నూనె వదలడం | బాగా | ఒక మోస్తరు | రెండో సారి పోస్తే బాగా |
| కొసల పొడితనం | ఎక్కువ | తక్కువ | పోసుకునే తీరును బట్టి |
| తయారీ | రాత్రే నానాలి | అరగంట | కత్తెర ఉంటే చాలు |
| ఒకసారికి ఖర్చు | నాలుగైదు రూపాయలు | ఇంట్లో ఆడించుకుంటే అంతే, కొన్న పొడితో రెట్టింపు పైన | రెండు నుంచి నాలుగు రూపాయలు |

నన్నడిగితే, బోరు నీళ్ళు, ఉంగరాల జుట్టు, ఉద్యోగం మూడూ ఉన్నవాళ్ళకు పలుచగా కలిపిన ప్యాకెట్టు షాంపూ. ఇలా అన్నందుకు మా ఇంట్లో నాకు రెండు ఆదివారాలు తిట్లు పడ్డాయి. మంచి నీళ్ళు పుష్కలంగా ఉండి, తీరిక ఉంటే సీకాయ. కుంకుడు నెలకోసారి, అదీ నూనె తలకు.

అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

తల రుద్దేది ఏదైనా సరే, దాని తర్వాత కొసలకు జారుడు గుణం ఉన్నది ఒకటి పట్టించకపోతే ఉంగరాల జుట్టు మాట వినదు. ఇక్కడ రెండు దారులు.

మొదటిది కొన్న కండీషనర్. ఇది వెంట్రుకకు అంటుకుని గరుకును కప్పుతుంది, బోరు నీళ్ళలోనూ పనిచేస్తుంది. ఇదీ ప్యాకెట్లలో దొరుకుతోంది. భుజాల దాకా ఉన్న జుట్టుకు ఒక ప్యాకెట్టు, ఇంకా పొడుగైతే రెండు. చెవుల కింది నుంచి కొసల దాకా మాత్రమే పట్టించి, ఆ జారుడులోనే వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీసి, తర్వాత కడగాలి. ఆరిన ఉంగరాల జుట్టును దువ్వితే ఉంగరం విడిపోయి పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకుంటుంది. తడిగా ఉన్న వెంట్రుక బలహీనంగా ఉంటుందన్న మాటా నిజమే. అందుకే నీళ్ళ తడిలో కాకుండా కండీషనర్ జారుడులో దువ్వమనేది.

రెండోది పెరటి జిగురు. మందారాకులు గుప్పెడు నీళ్ళలో పిసికితే వచ్చే పచ్చటి జిగురు, రాత్రి నానబెట్టిన మెంతుల జిగురు, అవిసె గింజల జిగురు. మందారాకుకు ఖర్చే లేదు, జారుడు మాత్రం కొన్న కండీషనర్‌కు దగ్గర దగ్గరగా వస్తుంది. గుడ్డలో పిండి వడగట్టుకోవాలి, లేదంటే ఆకు ముక్కలు తలలో ఆఫీసు దాకా వస్తాయి. మెంతులను మెత్తగా రుబ్బి ముద్ద పెట్టే పద్ధతి ఉంగరాల జుట్టుకు మంచిది కాదు, నానిన నీళ్ళ జిగురు మంచిది.

అవిసె గింజలది వేరే పని. ఇది ఉంగరాన్ని నిలబెట్టే జెల్. రెండు చెంచాల గింజలను రెండు గ్లాసుల నీళ్ళలో సన్నటి సెగ మీద కలుపుతూ మరిగించండి. గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొన మాదిరి తీగ సాగాలి, అప్పుడే దించి వేడి మీదే పలుచటి గుడ్డలో వడగట్టాలి. చల్లారిందా, గింజలూ జిగురూ విడదీయడం ఎవరి వల్లా కాదు. నేను మొదటిసారి ఫోన్ మాట్లాడుతూ మరిచిపోయి, ఆఖరికి గిన్నెతో సహా నానబెట్టాల్సి వచ్చింది. తల కడిగి, నీళ్ళు ఓడుతుండగానే ఈ జిగురు కొసలకు పట్టించి, గుప్పిట్లో నొక్కి వదిలేయండి. ఆరాక పెళుసుగా అనిపిస్తే చేత్తో నలపండి, మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది.

బోరు నీళ్ళ ఇళ్ళకు ఇంకొకటి. మినరల్ వాటర్ ప్లాంట్ నుంచి తెచ్చుకునే క్యాను నీళ్ళు ఒకటి రెండు చెంబులు పక్కన పెట్టుకుని, ఆఖరి తడపడం వాటితో చేయండి. ఒంటికి కాదు, కొసలకు మాత్రం. లీటరు నీళ్ళకు ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసుకుని కడిగేయడం కూడా పేరుకున్న గరుకును కొంత తగ్గిస్తుంది. నెలకు రెండుసార్లు మించొద్దు, తలలో పుండ్లుంటే అసలొద్దు.

నూనె గురించి, కాస్త జాగ్రత్తగా

సీమలో గానుగ నూనె అంటే ఇప్పుడు మళ్ళీ మోజు. ముందు ఒక మాట. గానుగ నూనె అంటే గానుగలో ఆడిన నూనె, ఏ గింజదైనా కావచ్చు. కానుగ నూనె వేరు, అది కానుగ చెట్టు గింజలది, దీపాలకు వాడేవాళ్ళు. మా పిన్నమ్మ కూతురు బోర్డు చూసి రెండూ ఒకటే అనుకుని సీసా పట్టుకొచ్చింది, ఆ వాసన పోవడానికి మూడు తలస్నానాలు పట్టాయి.

తలకు పెట్టే నూనెల్లో కొబ్బరి నూనెది ప్రత్యేకత ఉంది. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) పోల్చి చూస్తే, తల కడిగేటప్పుడు వెంట్రుక పోగొట్టుకునే ప్రోటీన్‌ను తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. చేసింది కొబ్బరి నూనె అమ్మే కంపెనీ పరిశోధకులే, కాబట్టి ఒక కన్ను తెరిచే చదవాలి. నా అనుభవంలోనైతే తలంటుకునే ముందు గంటసేపు కొసలకు కొబ్బరి నూనె రాసుకున్న వారానికి, రాసుకోని వారానికి చిక్కుల్లో తేడా దువ్వెనకే తెలుస్తుంది. డిసెంబర్‌లో గడ్డకడితే సీసాను వేడి నీళ్ళ చెంబులో పెట్టండి, పొయ్యి మీద కాదు.

ఆముదం చిక్కటిది. మాయిశ్చర్ పోకుండా కొసలకు రెండు చుక్కలు సరే. తలంతా ముద్దగా పట్టిస్తే ఉంగరాలు జడకట్టినట్టు అతుక్కుంటాయి, ఒక్కోసారి కత్తిరించడం తప్ప మార్గం ఉండదు. జుట్టు పెంచుతుందన్న పేరుంది కానీ ఆ పేరును నమ్మి డబ్బు పెట్టను. నువ్వుల నూనె, వేరుశనగ నూనె వెంట్రుకకు పైపైన నిగారింపు ఇస్తాయి, ఇంట్లో ఉంటే వాడుకోండి, ప్రత్యేకంగా కొనొద్దు.

చుండ్రు ఉన్నవాళ్ళు నూనె ఆపండి. ఈ మాట ఇంట్లో చెబితే ఎవరూ ఒప్పుకోరు, "నూనె లేకనే చుండ్రు" అంటారు. చుండ్రుకు తోడ్పడే ఫంగస్‌కు తిండి ఆ నూనెలే. రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ మెడికల్ షాపులో దొరుకుతుంది. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు, రుద్దాక మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. అందరూ తప్పేది ఆ అయిదు నిమిషాల దగ్గరే. కొసలు పొడిబారకుండా ముందే వాటికి కండీషనర్ పట్టించుకోండి. నెలకూ తగ్గకపోతే చర్మ డాక్టరు దగ్గరికి.

దువ్వెన, తువ్వాలు, దిండు

దువ్వెన కొనేటప్పుడు గోటిని పళ్ళ పక్క నుంచి నిలువుగా జార్చి చూడండి. చవక ప్లాస్టిక్ దువ్వెనలకు అచ్చులో పోసినప్పుడు మిగిలిన సన్నటి గీత ఉంటుంది, గోటికి రంపంలా తగులుతుంది. ఆ గీతే వెంట్రుకను చీరుతుంది. గీత లేని వెడల్పు పళ్ళ ప్లాస్టిక్ దువ్వెన దొరికితే వేప చెక్క దువ్వెన లేకున్నా ఫర్వాలేదు. చెక్క దువ్వెనతో ఎండాకాలం వెంట్రుకలు చిటపటలాడుతూ లేవవు, అది దాని గొప్ప. కానీ కండీషనర్ తడిలో రోజూ నానితే ఉబ్బి పగులుతుంది. నా దగ్గర రెండూ ఉన్నాయి, స్నానాల గదిలో ప్లాస్టిక్‌ది, బయట చెక్కది. దువ్వడం ఎప్పుడూ కొసల నుంచి మొదలుపెట్టి మీదికి.

తువ్వాలుతో రుద్దకండి. పాత నూలు టీ షర్టు, పాత నూలు చీర ముక్క అయితే ఇంకా మేలు, దానిలో జుట్టును కింది నుంచి ఎత్తి నొక్కండి. అనంతపురం గాలికి ఎలాగూ అరగంటలో ఆరుతుంది, హెయిర్ డ్రైయర్ పని లేదు.

ఆషాఢం గాలి గురించి చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. ఆ నెలల్లో బండి మీద పోయేవాళ్ళు జుట్టును జడగానో ముడిగానో కట్టి, మీద స్కార్ఫ్ కట్టుకోండి. నూలు స్కార్ఫ్ జుట్టుకు రాసుకుంటుంది, లోపల శాటిన్ ముక్క ఉంటే రాసుకోదు. బట్టల కొట్లో లైనింగ్ శాటిన్ ఒక మీటరు కొంటే దిండు గలీబు ఒకటి, స్కార్ఫ్ లోపలి ముక్క ఒకటి వస్తాయి. మిగిలిన పీలికలను టైలరక్క జుట్టుకు కట్టుకునే రబ్బర్లుగా కుట్టిస్తుంది. సన్నటి రబ్బరు బ్యాండ్లు మాత్రం పారేయండి, విప్పిన ప్రతిసారీ నాలుగు వెంట్రుకలు వాటికే.

మీరు ఎవరు?

*హాస్టల్ పిల్లలు.* ప్యాకెట్టు షాంపూ, ప్యాకెట్టు కండీషనర్, ఒక వెడల్పు దువ్వెన. అవిసె జిగురు కుదరదు, వార్డెన్‌తో గొడవ. నీళ్ళు వచ్చే గంటలోనే కానియ్యాలి కాబట్టి కండీషనర్ పెట్టి చిక్కు తీయడం బకెట్టు నిండే లోపు చేసుకోండి.

*బాలింతలు, జ్వరం పడి లేచినవాళ్ళు.* కాన్పయిన రెండు మూడు నెలలకో, డెంగీ, టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం తర్వాతో గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడుతుంది. టెన్షన్ పడి వెయ్యి రూపాయల నూనె కొనకండి. ఊడిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. ఇది సాధారణంగా కొన్ని నెలల్లో తనంతట తాను సర్దుకుంటుంది, ఆగకపోతే రక్తంలో ఇనుము, థైరాయిడ్ చూపించుకోవాలి. బుడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే తెగినవి. అది నీళ్ళ పని, దువ్వెన పని. బోరు నీళ్ళకు జుట్టు ఊడుతోందని మనం అనేదాంట్లో చాలా భాగం ఈ తెగడమే.

*మగపిల్లలు.* మీకూ ఉంగరాలే, మీరూ ఒంటి సబ్బే. ఇక్కడిదాకా చదివారు కాబట్టి సీసా పరీక్ష ఒకసారి చేయండి. పొట్టి జుట్టుకు అర ప్యాకెట్టు చాలు.

*స్ట్రెయిటెనింగ్ చేయించుకోవాలా అని ఊగుతున్నవాళ్ళు.* నేను చెల్లెలి పెళ్ళికి ఒక పార్లర్‌లో చేయించుకున్నాను. ఆరు వేలు. మూడు నెలలు అద్దంలా ఉంది. తర్వాత నెలకు ఒక సెంటీమీటరు లెక్కన కుదుళ్ళ దగ్గర ఉంగరాలు మొలిచాయి, కింద గడ్డి పరకలు మిగిలాయి, రెండూ కలిసే చోట తెగిపోవడం మొదలైంది. కొన్ని కెరటిన్ మందుల నుంచి వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది, కళ్ళు మండేది అందుకే. చేయించుకోవడమే అనుకుంటే మందులో ఏముందో అడిగి, కిటికీలు తెరిచిన గదిలో చేయించుకోండి.

*ఉంగరాల జుట్టు పిల్లల తల్లులు.* పిల్ల ఏడుస్తోందని కత్తిరించేయకండి, ఏడుపు పొడి తలను దువ్వడం వల్ల. కండీషనర్ పట్టించి, నాలుగు పాయలుగా విడదీసి, ఒక్కో పాయను కింద నుంచి దువ్వండి. మా అన్న కూతురికి కడపలో మొదటిసారి అలా చేసినప్పుడు సగం తల దువ్వేసరికి నిద్రపోయింది, మిగతా రెండు పాయలూ పొద్దున దువ్వాం.